వీర్ అబ్దుల్ హమీద్

అబ్దుల్ హమీద్ (1933 జులై 1 – 1965 సెప్టెంబరు 10) భారత సైన్యంలో గ్రనేడియర్స్ రెజిమెంటు నాలుగో బెటాలియన్‌కు చెందిన పదాతి సైనికుడు. 1965 భారత్–పాకిస్తాన్ యుద్ధంలో, పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ సెక్టారులో జీపు మీద బిగించిన రికాయిల్‌లెస్ తుపాకీతో పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను ఒకదాని తర్వాత ఒకటిగా ధ్వంసం చేస్తూ వీరమరణం పొందారు. యుద్ధరంగంలో చూపిన శౌర్యానికి దేశం ఇచ్చే అత్యున్నత పురస్కారం పరమవీర చక్ర ఆయనకు మరణానంతరం దక్కింది. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లు, హోదా కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్. ఆ యుద్ధంలో పరమవీర చక్ర ఇద్దరికే లభించింది. రెండో వ్యక్తి సియాల్‌కోట్ రంగంలో పోరాడిన పూనా హార్స్ ట్యాంకు రెజిమెంటు కమాండింగ్ ఆఫీసరు లెఫ్టినెంట్ కల్నల్ ఆర్దేశిర్ బుర్జోర్జీ తారాపూర్.

బాల్యం, కుటుంబం

హమీద్ ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధాముపూర్ గ్రామంలో సామాన్య ముస్లిం కుటుంబంలో పుట్టారు. తల్లి సకీనా బేగం, తండ్రి మహమ్మద్ ఉస్మాన్. తండ్రి దర్జీ పని చేసేవారు. సైన్యంలో చేరేదాకా హమీద్ కూడా ఆయనకు సాయంగా బట్టలు కుట్టారు. భార్య రసూలన్ బీబీ. వారికి నలుగురు కొడుకులు, ఒక కూతురు.

సైన్యంలో చేరిక

1954 డిసెంబరు 27న హమీద్ గ్రనేడియర్స్ రెజిమెంటులో సిపాయిగా చేరారు. తర్వాత ఆయనను నాలుగో బెటాలియన్‌కు పంపారు. బ్రిటిష్ కాలంలో 109వ ఇన్‌ఫంట్రీగా పేరున్న పాత దళమే ఈ బెటాలియన్. సర్వీసంతా ఆయన ఇదే బెటాలియన్‌లో గడిపారు. ఆగ్రా, అమృత్‌సర్, జమ్మూ కశ్మీర్, ఢిల్లీ, నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్), రామ్‌గఢ్‌లలో దానితో పాటే పనిచేశారు. అందులో ఐదేళ్లు ట్యాంకు నిరోధక తుపాకీ విభాగంలో గడిచాయి. బెటాలియన్‌లో 106 మి.మీ. తుపాకీని అంత గురిగా కాల్చగలిగినవారు మరొకరు లేరని ఆయనకు పేరు వచ్చింది ఈ కాలంలోనే. 1965లో ఆయన చేసిన పనికి పునాది ఈ ఐదేళ్ల సాధన.

1962 యుద్ధం

చైనాతో యుద్ధం వచ్చినప్పుడు 4 గ్రనేడియర్స్ నేఫాలో బ్రిగేడియర్ జాన్ దళ్వీ నాయకత్వంలోని 7వ బ్రిగేడ్‌లో ఉంది. థాగ్‌లా కొండ కింద నామ్‌కాచూ వాగు ఒడ్డున ఆ బ్రిగేడ్‌ను నిలిపారు. చలికి తగిన దుస్తులు లేవు, ఫిరంగుల అండ అంతంత మాత్రమే, తూటాలు సరిపడా లేవు. 1962 అక్టోబరు 20 తెల్లవారుజామున చైనా సేనలు విరుచుకుపడటంతో బ్రిగేడ్ చెల్లాచెదురైంది. బ్రిగేడియర్ దళ్వీ శత్రువుకు బందీగా చిక్కారు. 4 గ్రనేడియర్స్‌లో మిగిలినవారు కొండదారుల్లో కాలినడకన భూటాన్ మీదుగా అస్సాంలోని మిసామారి చేరుకున్నారు. ఆ బెటాలియన్‌కు చెందిన సెకండ్ లెఫ్టినెంట్ జి.వి.పి. రావుకు ఈ పోరులో చూపిన శౌర్యానికి మరణానంతరం మహావీర చక్ర లభించింది. స్వాతంత్ర్యం వచ్చాక అప్పటిదాకా ఆ బెటాలియన్‌కు దక్కిన అతి పెద్ద గౌరవం అది.

కాల్పుల విరమణ తర్వాత బెటాలియన్ అంబాలాకు మారింది. అక్కడ హమీద్‌ను కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్‌గా నియమించారు. రేషన్, బట్టలు, తూటాలు, సామగ్రి లెక్కలు చూసే బాధ్యత అది. ఆ కొలువులో ఉన్న మనిషి యుద్ధంలో ముందు వరుసకు వెళ్లి ట్యాంకుల మీద కాల్పులు జరపాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. కానీ 1965లో పంజాబ్ సరిహద్దుకు కదిలేటప్పుడు బెటాలియన్‌కు అనుభవమున్న గన్నర్ కావలసి వచ్చాడు. రికాయిల్‌లెస్ తుపాకీ దళం బాధ్యతను హమీద్‌కు అప్పగించారు.

ఆయన ఆయుధం

హమీద్ వాడిన 106 మి.మీ. రికాయిల్‌లెస్ తుపాకీ అమెరికాలో రూపొందిన ఎం40 రకానిది. మామూలు ఫిరంగి గుండును ముందుకు విసిరేటప్పుడు తాను బలంగా వెనక్కి తన్నుతుంది. ఆ తాకిడిని తట్టుకోవడానికి బరువైన చట్రం కావాలి. ఎం40లో తూటా గొట్టానికి చిల్లులుంటాయి. పేలుడు వాయువులో కొంత భాగం వాటిగుండా తుపాకీ వెనక భాగం నుంచి బయటికి చిమ్ముతుంది. ముందుకు పోయే గుండు ఊపును వెనక్కి పోయే వాయువు సరిచేస్తుంది కాబట్టి తుపాకీ కదలదు. అందుకే సుమారు 200 కిలోల ఈ ఆయుధాన్ని మామూలు జీపు మీద బిగించగలిగారు.

గురి చూసే పద్ధతి కూడా ప్రత్యేకమే. పెద్ద గొట్టం మీద 12.7 మి.మీ. చిన్న తుపాకీ ఒకటి బిగించి ఉంటుంది. గన్నర్ పిడిని బయటికి లాగితే ముందు ఆ చిన్న తుపాకీ పేలుతుంది. దాని తూటా తగిలిన చోట తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ ట్యాంకు మీదే లేచిందని కంటితో చూసుకున్నాక పిడిని లోపలికి నొక్కితే అసలు గుండు వెళుతుంది. ఆ గుండు ఉక్కు కవచాన్ని వేగంతో కాక, పేలుడును ఒకే బిందువు మీద కేంద్రీకరించి ఛేదిస్తుంది.

ఈ ఆయుధానికి పెద్ద లోపం ఒకటుంది. ప్రతి గుండుకూ వెనక నుంచి మంట, పొగ, దుమ్ము పెద్ద మేఘంలా లేస్తాయి. తుపాకీ ఎక్కడుందో శత్రువుకు ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. జీపుకు కవచం లేదు. ట్యాంకు మెషిన్‌గన్ చాలు దాన్ని తూట్లు పొడవడానికి. కాబట్టి గన్నర్‌కు రక్షణ రెండే: గుండు పేల్చే వరకు చాటున ఉండటం, పేల్చిన వెంటనే చోటు మారడం. గురి తప్పితే రెండో అవకాశం దొరకడం కష్టం.

ఎదుటి పక్షంలో ఉన్నవి ఎం47, ఎం48 పాటన్ ట్యాంకులు. 90 మి.మీ. ఫిరంగితో, 45 టన్నుల పైచిలుకు బరువుతో అవి ఆనాటి మేటి ట్యాంకుల్లో ఉండేవి. వాటిని అమెరికా పాకిస్తాన్‌కు ఇచ్చింది. భారత్ దగ్గర ఆ సెక్టారులో రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్లు, తేలికపాటి ఏఎంఎక్స్–13లు, ఒక రెజిమెంటు సెంచూరియన్లు ఉన్నాయి.

ఖేమ్‌కరణ్ సెక్టారు

1965 ఆగస్టులో పాకిస్తాన్ కశ్మీర్‌లోకి సాయుధులను చొప్పించింది. సెప్టెంబరు 1న ఛంబ్ మీద దాడి చేసింది. దానికి జవాబుగా భారత సైన్యం సెప్టెంబరు 6న లాహోర్ దిశగా సరిహద్దు దాటింది. ఖేమ్‌కరణ్ వైపు నుంచి కదిలింది మేజర్ జనరల్ గురుబక్ష్ సింగ్ నాయకత్వంలోని 4వ మౌంటెన్ డివిజన్. 1962లో నేఫాలో దెబ్బతిన్న డివిజన్ ఇదే. పర్వత యుద్ధం కోసం పునర్వ్యవస్థీకరించిన ఈ డివిజన్‌ను ఇప్పుడు మైదానంలో ట్యాంకుల ముందు నిలిపారు. మొదటి దాడి ఫలించలేదు, నష్టం ఎక్కువైంది. సెప్టెంబరు 7న డివిజన్ వెనక్కి వచ్చి, ఖేమ్‌కరణ్–భిఖీవిండ్ రోడ్డు మీద అసల్ ఉత్తర్ గ్రామం చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో రక్షణ వలయం ఏర్పరచుకుంది.

పాకిస్తాన్ 1వ ఆర్మర్డ్ డివిజన్ లక్ష్యం పెద్దది. ఖేమ్‌కరణ్ నుంచి చొచ్చుకొచ్చి, బియాస్ నది వంతెన దాకా వెళ్లి గ్రాండ్ ట్రంక్ రోడ్డును తెంచితే అమృత్‌సర్‌కు దేశంతో సంబంధం తెగిపోతుంది. సైన్యాన్ని బియాస్ వెనక్కి తీసుకోవాలన్న ఆలోచన ఒక దశలో వచ్చిందని, తాను ఒప్పుకోలేదని వెస్టర్న్ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ హర్‌బక్ష్ సింగ్ తర్వాత రాశారు. ఈ డివిజన్‌లో భాగమైన 4 గ్రనేడియర్స్‌ను నిలబెట్టింది ఇంత కీలకమైన దారి మీద.

చీమా గ్రామం: సెప్టెంబరు 8, 9

సెప్టెంబరు 7 రాత్రి బెటాలియన్ చీమా గ్రామం ముందుకు చేరింది. తెల్లవారేసరికి సైనికులు తవ్వగలిగిన కందకాల లోతు మూడడుగులే. చుట్టూ చెరకు తోటలు, పత్తి చేలు. సెప్టెంబరు ఆరంభానికి చెరకు మనిషిని మించి ఎదిగి ఉంటుంది. ఆ పైరే హమీద్ దళానికి చాటు అయింది.

8వ తేదీ ఉదయం పాకిస్తాన్ ట్యాంకుల దాడి మొదలైంది. హమీద్ తన జీపును పైరులో దాచి, ట్యాంకులు వచ్చే దారికి పక్కగా తుపాకీని తిప్పి ఉంచారు. ముందున్న ట్యాంకు చాలా దగ్గరికి వచ్చేదాకా ఆగి కాల్చారు. అది మంటల్లో చిక్కుకోగానే వెనక వస్తున్న రెండు ట్యాంకుల సిబ్బంది వాటిని వదిలేసి పారిపోయారు. ఆ ఉదయమే మరో దాడి వచ్చింది. మరో ట్యాంకు కాలిపోయింది, ఇంకో రెండింటిని సిబ్బంది వదిలి పరుగెత్తారు. కాల్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియకపోవడం వారిని బెదరగొట్టింది. ఇంజనీర్లు వచ్చి బెటాలియన్ ముందు ట్యాంకు నిరోధక మందుపాతరలు పరిచారు.

9వ తేదీన పాకిస్తాన్ సేబర్ జెట్ విమానాలు బెటాలియన్ స్థావరాల మీద దాడి చేశాయి. ట్యాంకుల దాడులు కొనసాగాయి. హమీద్ మళ్లీ అదే పద్ధతి పాటించారు: చాటు నుంచి ఒక గుండు, వెంటనే కొత్త చోటు. ఆ రోజు ముగిసేసరికి ఆయన ఖాతాలో నాలుగు ట్యాంకులు చేరాయని, ఆ సాయంత్రమే ఆయన పేరును పరమవీర చక్రకు సిఫారసు చేశారని బెటాలియన్ పోరాటాన్ని వివరించిన రచనలు చెబుతున్నాయి.

సెప్టెంబరు 10: చివరి పోరు

10వ తేదీ ఉదయం 8 గంటలకు తీవ్రమైన ఫిరంగి కాల్పుల తర్వాత ఒక రెజిమెంటు పాటన్ ట్యాంకులు బెటాలియన్ మీదికి వచ్చాయి. 9 గంటలకు అవి ముందు వరుస స్థావరాల్లోకి చొరబడ్డాయి. పరిస్థితి చేయి దాటుతోందని గ్రహించిన హమీద్ జీపును ఒక పక్కకు నడిపించారు. ట్యాంకు కవచం ముందు భాగంలో మందంగా, పక్కల పలచగా ఉంటుంది. పక్కకు చేరాలంటే మాత్రం గుండ్ల వర్షంలో ఆరుబయట కదలాలి. ఆయన కదిలారు.

మంచి చోటు చూసుకుని ముందు నడుస్తున్న ట్యాంకును పడగొట్టారు. వెంటనే స్థానం మార్చి మరో ట్యాంకును తగలబెట్టారు. ఈలోగా శత్రువులు జీపును గుర్తించారు. మెషిన్‌గన్లు, పేలుడు గుండ్లు అన్నీ దాని మీదికే మళ్లాయి. హమీద్ తప్పుకోలేదు. మూడో ట్యాంకు మీద గురి నిలిపి కాలుస్తూ ఉండగా ఒక పేలుడు గుండు తగిలి ప్రాణాలు విడిచారు.

ఎన్ని ట్యాంకులు?

హమీద్ ధ్వంసం చేసిన ట్యాంకుల సంఖ్య వేర్వేరు చోట్ల వేర్వేరుగా కనిపిస్తుంది. పరమవీర చక్ర ప్రశంసాపత్రం 10వ తేదీ ఉదయం జరిగిన పోరును మాత్రమే వివరిస్తుంది. అందులో కనిపించేవి పడిపోయిన ట్యాంకు, తగలబడిన ట్యాంకు, ఆయన కాలుస్తుండిన మూడో ట్యాంకు. మూడు రోజులనూ కలిపి చెప్పే రచనలు ఏడు అంటాయి. కొన్ని ఎనిమిది అని కూడా రాస్తాయి. సిబ్బంది వదిలేసి పారిపోయిన ట్యాంకులను కలపడం, కలపకపోవడం వల్ల కూడా ఈ సంఖ్య మారుతుంది. ఒకే ట్యాంకు మీద రెండు మూడు వైపుల నుంచి కాల్పులు జరిగే పోరులో కచ్చితమైన లెక్క తేలడం ఎప్పుడూ కష్టమే.

ఏ లెక్క తీసుకున్నా ప్రధానాంశం మారదు. కవచం లేని జీపులో, ప్రతి గుండుకూ తన ఉనికిని బయటపెట్టుకునే ఆయుధంతో, మూడు రోజుల పాటు ఒక హవల్దారు పాటన్ ట్యాంకులను ఎదుర్కొన్నారు. ఎదురుగా మండుతున్న ట్యాంకులు చూసి మూడడుగుల కందకాల్లోని జవాన్లు నిలబడ్డారు.

అసల్ ఉత్తర్ ఫలితం

హమీద్ శౌర్యాన్ని ఆ యుద్ధం మొత్తంలో భాగంగా చూడాలి. రోహీ కాల్వ ప్రాంతంలో నీళ్లు పొలాల్లోకి వదలడంతో నేల బురదైంది. బరువైన పాటన్లు అందులో కూరుకుపోయాయి. బ్రిగేడియర్ థామస్ త్యాగరాజ్ నాయకత్వంలోని 2వ ఇండిపెండెంట్ ఆర్మర్డ్ బ్రిగేడ్ ట్యాంకులు చెరకు తోటల్లో మాటు వేశాయి. లెఫ్టినెంట్ కల్నల్ సలీం కాలెబ్ ఆధ్వర్యంలోని 3 కావల్రీ సెంచూరియన్లు, లెఫ్టినెంట్ కల్నల్ అరుణ్ వైద్య ఆధ్వర్యంలోని డెక్కన్ హార్స్ షెర్మన్లు చుట్టుముట్టాలని వచ్చిన ట్యాంకులను దెబ్బతీశాయి. ఈ ముగ్గురికీ మహావీర చక్ర లభించింది. వైద్య తర్వాత సైనిక దళాల ప్రధానాధికారి అయ్యారు.

డెక్కన్ హార్స్ చరిత్ర తెలుగు పాఠకులకు దగ్గరిది. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన హైదరాబాద్ కంటింజెంట్ ఆశ్విక దళాల నుంచి ఈ రెజిమెంటు పుట్టింది. యుద్ధకాలంలో సైనిక దళాల ప్రధానాధికారిగా ఉన్న జనరల్ జె.ఎన్. చౌధురి 1948లో హైదరాబాద్ సైనిక చర్యకు నాయకత్వం వహించి, ఆ తర్వాత అక్కడ మిలిటరీ గవర్నర్‌గా పనిచేసినవారు.

సెప్టెంబరు 8–10 మధ్య ఈ సెక్టారులో ధ్వంసమైనవి, పట్టుబడినవి కలిపి పాకిస్తాన్ సుమారు వంద ట్యాంకులు నష్టపోయింది. ఎక్కువగా చెప్పే లెక్క 97. పట్టుబడ్డ ట్యాంకులను భిఖీవిండ్ దగ్గర వరుసగా నిలబెట్టారు. ఆ చోటును జనం పాటన్ నగర్ అని పిలిచారు. పాకిస్తాన్ ఆర్మర్డ్ డివిజన్ ముందడుగు అక్కడితో ఆగింది. అయితే ఖేమ్‌కరణ్ పట్టణం మాత్రం తిరిగి చేజిక్కలేదు. సెప్టెంబరు 23 కాల్పుల విరమణ నాటికి అది పాకిస్తాన్ అధీనంలోనే ఉంది. 1966 జనవరి 10 నాటి తాష్కెంట్ ఒప్పందం తర్వాతే భారత్‌కు తిరిగి వచ్చింది.

పరమవీర చక్ర

హమీద్‌కు పరమవీర చక్రను 1965 సెప్టెంబరు 16న, ఆయన మరణించిన ఆరు రోజులకు, యుద్ధం ఇంకా సాగుతుండగానే ప్రకటించారు. 1966 గణతంత్ర దినోత్సవం నాడు రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా రసూలన్ బీబీ ఆ పతకాన్ని అందుకున్నారు. 1950 జనవరి 26న నెలకొల్పిన ఈ పురస్కారం ఇప్పటివరకు 21 మందికి లభించింది. వారిలో 14 మందికి అది మరణానంతరం వచ్చింది. సావిత్రి ఖానోల్కర్ రూపకల్పన చేసిన ఈ కంచు పతకం మీద ఇంద్రుడి వజ్రాయుధాలు నాలుగు, నడుమ జాతీయ చిహ్నం ఉంటాయి.

జ్ఞాపక చిహ్నాలు

హమీద్ సమాధి అసల్ ఉత్తర్ గ్రామంలో ఉంది. పక్కనే స్మారకం నిర్మించారు. ఏటా సెప్టెంబరు 10న సైనికులు, మాజీ సైనికులు, చుట్టుపక్కల గ్రామాల ప్రజలు అక్కడ నివాళులర్పిస్తారు. స్వగ్రామం ధాముపూర్‌లోనూ స్మారకం ఉంది. 2000 జనవరి 28న తపాలా శాఖ వీర సైనికుల మీద విడుదల చేసిన స్టాంపుల్లో హమీద్‌ది ఒకటి. అందులో రికాయిల్‌లెస్ తుపాకీ ఉన్న జీపుతో ఆయన కనిపిస్తారు. 1988లో దూరదర్శన్ కోసం చేతన్ ఆనంద్ తీసిన 'పరమ్ వీర్ చక్ర' ధారావాహికలో హమీద్ పాత్రను నసీరుద్దీన్ షా పోషించారు. 2023 జనవరి 23న అండమాన్ నికోబార్‌లోని 21 ద్వీపాలకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టినప్పుడు ఒక ద్వీపానికి హమీద్ పేరు వచ్చింది. భర్త జ్ఞాపకాలను కాపాడటానికి చివరిదాకా శ్రమించిన రసూలన్ బీబీ 2019లో కన్నుమూశారు.

అంచనా

అబ్దుల్ హమీద్ పేరు తలవగానే జనం తెగువను గుర్తుచేసుకుంటారు. ఆ తెగువ వెనక ఉన్న పనితనాన్ని కూడా గుర్తించాలి. దూరం అంచనా వేయడం, ట్యాంకు దగ్గరికి వచ్చేదాకా వేలు బిగబట్టుకోవడం, పైరును చాటుగా వాడుకోవడం, కాల్చిన చోట నిలవకపోవడం, ఇవన్నీ ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్యలు. 1962లో సరైన ఆయుధాలు లేక వెనక్కి నడిచిన బెటాలియనే మూడేళ్లకు పాటన్లను ఆపింది. చేతికి తగిన ఆయుధం, దాన్ని క్షుణ్ణంగా నేర్చిన మనిషి ఉండటం ఆ తేడాకు ఒక ప్రధాన కారణం. పదాతి దళాలు ట్యాంకులను ఎలా ఎదుర్కోవాలో చెప్పేటప్పుడు చీమా పొలాల్లోని ఆ మూడు రోజులను ఉదాహరణగా తీసుకోవచ్చు. భారత పదాతి సైనికుల్లో హమీద్‌ది అగ్రశ్రేణి స్థానం, దానికి ఆయన నేర్పు, నిబ్బరం, ప్రాణత్యాగం మూడూ సమానంగా ఆధారం.